కలిపిచ్చే చెయ్యి

జపాన్‌లో 2017 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టీవీలో ఒక చిన్న యానిమే వచ్చింది. పేరు 'ఒసాకె వా ఫూఫు ని నత్తె కరా'. మొత్తం 13 భాగాలు, ఒక్కోటి సుమారు 3 నిమిషాలు. అందులో నాయిక పేరు చిసాతో. ఆఫీసులో నిక్కచ్చి మనిషి. నవ్వు, అలసట, ఇష్టాయిష్టాలు ఏవీ బయటికి కనపడనివ్వదు. తనకు తాగడం ఇష్టమన్న సంగతి కూడా తోటివాళ్లకు తెలియదు. ఇంటికొచ్చాక ఆ బిగువంతా జారిపోతుంది. భర్త సోరా వంటింట్లో ఒక కాక్‌టెయిల్ కలిపి, నంజుకోవడానికి ఏదైనా చేసి తెచ్చిస్తాడు. మొదటి గుక్క తాగి ఆమె మురిసిపోతుంది, ఆ మురిపెం పైకే అనేస్తుంది. అంతకుమించి కథ లేదు.

మన దగ్గర మొగుడు, మందు అన్న మాటలు పక్కపక్కన పడితే ఆడవాళ్లకు గుర్తొచ్చేది వేరు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పేరుతో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో సారా మీద నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ కోపం వెనక దుకాణంలో కరిగిపోయిన కూలి పైసలున్నాయి, రాత్రి తిన్న దెబ్బలున్నాయి. ఆ బాధ తెలిసిన గడ్డ మీద ఉండి గ్లాసులో మందును మెచ్చుకోను. సోరాలో నాకు నచ్చింది అతని చూపు. భార్య గడపలో అడుగుపెట్టగానే ఆమె ఎలా వచ్చిందో చూస్తాడు. దానికి తగ్గట్టే కలుపుతాడు.

మన ఇళ్ల సంగతికొస్తే, సిద్దిపేటలో ఇప్పుడు ఆలుమగలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లు బాగానే ఉన్నాయి. పోయిరావడానికి 2023 అక్టోబరు 3న సికింద్రాబాద్ రైలు కూడా మొదలైంది. రాజీవ్ రహదారి మీద బస్సులు ముందునుంచీ ఉన్నవే. పొద్దున పోయి పొద్దుగూకినంక వచ్చే మనిషికి ఇంట్లో ముందుగా ఎదురయ్యేది సాధారణంగా ఒక ప్రశ్న: గ్యాస్ బుక్ చేసినవా, పిల్లల ఫీజు కట్టినవా అని. ఆఫీసు ముఖం తీసి పక్కన పెట్టే సందే దొరకదు.

నాకు తెలిసిన ఒకింట్లో భర్త ముందుగా ఇల్లు చేరతాడు. ఎండాకాలంలో ఆయన చేసే పని ఒక్కటే, సల్ల కలపడం. పెరుగు చిలికి, నీళ్లు ఎక్కువ పోసి, అల్లం ముక్క దంచి వేస్తాడు. కరివేపాకు చేతితో నలిపి వేస్తాడు. ఆమెకు జీలకర్ర వాసన పడదు కాబట్టి వెయ్యడు. బీపీ ఉందని ఉప్పు వేళ్ల కొసలతో తీస్తాడు. ఆమె కూర్చుని సగం గ్లాసు తాగేదాకా ఏమీ అడగడు. ఆ తర్వాతే "ఇయ్యాల బస్సుల సీటు దొరికిందా?" అంటాడు. అక్కడినుంచి మాటలు వాటంతటవే వస్తాయి. ఇది పుట్టుకతో వచ్చే గుణమని నేననుకోను. జీలకర్ర పడదని ఒకసారి విని గుర్తుపెట్టుకోవడం, నోరు కాసేపు ఆపుకోవడం నేర్చుకుంటే వచ్చేవే. భార్య ముందొచ్చే ఇంట్లో కలిపే వంతు ఆమెదవుతుంది. ఎవరి చెయ్యైనా ఒకటే.

కలిపివ్వడం కంటే కష్టమైంది పుచ్చుకోవడం. మన ఇళ్లలో రుచి కుదిరితే కంచం ఖాళీ అవుతుంది, అంతే. మాట బయటికి రావాలంటే ఉప్పు తప్పాలి. ముప్పై ఏళ్లు కాపురం చేసి, తన చేతి చారు మొగుడికి ఇష్టమో కాదో ఇప్పటికీ ఊహించుకునే ఆడవాళ్లున్నారు. పెద్దరికం తగ్గుతుందనో, నెత్తికెక్కుతారనో మెచ్చుకోలును గొంతులోనే ఆపుకుంటాం. చిసాతోను చూడండి. ఆఫీసులో అంత గట్టి మనిషి, ఇంట్లో ఒక్క గుక్కకే తన సంతోషాన్ని భర్త ముందు పరిచేస్తుంది. అందుకే అతనికి మర్నాడు మళ్లీ కలపాలనిపిస్తుంది. ఆమె గట్టిదనానికి వచ్చిన లోటేమీ లేదు.

మనకు ఇలా పైకి మెచ్చుకోవడం చేతకాదని కూడా అనలేం. ఉగాది నాడు మన తెలంగాణ ఇళ్లలో పచ్చడిని గ్లాసుల్లో పోసుకుని తాగుతాం కదా. కొత్త కుండలో చింతపండు పులుసు, బెల్లం, మామిడికాయ తురుము, వేపపువ్వు, పుట్నాలు, కొబ్బరి పడతాయి. ఇంటిల్లిపాదీ కుండ చుట్టూ చేరి రుచి చూస్తారు. "ఇంకింత బెల్లమెయ్యి", "పులుపు మంచిగ కుదిరింది", "ఇంకో గ్లాసు పొయ్యి" అని పైకే అంటారు. ఆ పూట ఎవరికీ మొహమాటం అడ్డురాదు.

మామూలు రోజున మొదటిసారి "మంచిగ కలిపినవ్" అంటే ఎదుటి మనిషి అనుమానంగా చూడొచ్చు. పైసలేమన్నా కావాలా అని అడిగినా అడుగుతారు. వద్దని చెప్పి గ్లాసు పూర్తిగా తాగండి. మర్నాడు కూడా అనండి. ఏది బాగుందో కూడా చెప్పండి: అల్లం సరిపోయిందనో, కరివేపాకు వాసన బాగుందనో. మూడోనాటికి వాళ్లే "ఎట్లుంది?" అని అడుగుతారు.