కుక్క గుండెలో పురుగు – ఆకు మందు ఎంతవరకు?



ఈసారి గోడ పత్రికకు ఒక సైన్సు పాఠం రాయమని మాస్టారు నాకు చెప్పారు. పుస్తకంలో ఉన్నదే మళ్ళీ రాసే కంటే ఇంటి దగ్గర కళ్ళారా చూసినది రాస్తే అందరికీ పనికొస్తుందని అనుకున్నాను. ఈ పాఠం కుక్కలకు వచ్చే గుండె పురుగు జబ్బు గురించి. ఆకు మందులతో ఈ జబ్బు పోతుందా, పోదా అన్నది ఇందులో ముఖ్యమైన ప్రశ్న. మన ఊళ్ళల్లో కుక్క లేని వీధి లేదు, ఆకు మందు తెలియని అవ్వ లేదు. కాబట్టి ఈ ప్రశ్న మనందరిదీ.

1. మోతీ ఎక్కడిది?

మా మావయ్య మిలిటరీలో ఉన్నాడు. అస్సాంలో డ్యూటీ చేసేటప్పుడు రోడ్డు పక్క కాలు విరిగి పడి ఉన్న కుక్కను తెచ్చి, కట్టు కట్టి సాకాడు. 2023 దసరాకి సెలవు మీద వచ్చినప్పుడు దాన్ని వెంట తెచ్చి మా ఇంట్లో వదిలాడు. దాని పేరు మోతీ. కొద్ది రోజుల్లోనే మా నాన్న వెనకాలే పోడు దగ్గరికి పోవడం, రాత్రి పందులు రాకుండా కాపలా కాయడం నేర్చుకున్నది.

2024 వేసవి సెలవులకు నేను ఇంటికి వెళ్ళేసరికి మోతీకి పొడి దగ్గు పట్టుకొని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. గట్టు ఎక్కితే సగంలోనే కూర్చుండిపోతున్నది. అందరూ సలి దగ్గు అన్నారు. మా అమ్మమ్మ మాత్రం రెండు రోజులు చూసి ఇలా అన్నది: "ఒరే, ఇది సలి దగ్గు కాదురా. సలి దగ్గయితే తెల్లారగట్ల రావాల. దీనికి పరిగెడితేనే వస్తంది. లోపల ఏదో అడ్డం ఉంది."

మిత్రులారా, ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత డాక్టరు గారు కూడా మొదట అడిగినది ఇదే.

2. మేము ఇచ్చిన ఆకు మందులు

మా అమ్మమ్మకు చాలా ఆకులు తెలుసు. దగ్గుకు అడ్డసరం ఆకు కషాయం, పురుగులకు నేలవేము, బలానికి తిప్పతీగ, అన్నిటికీ పసుపు. ఆమె అడ్డసరం, నేలవేము కలిపి కాచి, చోడి అంబలిలో పోసి మోతీకి పెట్టింది. నేలవేము చేదుకి అది మొదట మూతి తిప్పుకున్నది. బెల్లం ముక్క వేస్తే తాగింది.

మందు పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? మా సైన్సు మాస్టారు క్లాసులో ఒక మాట చెప్పి ఉన్నారు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మిగతావి మార్చకూడదు అని. అందుకని నేను గోడ మీద బొగ్గుతో గీతలు గీశాను. మోతీ ఒకసారి దగ్గితే ఒక గీత.

మొదటి వారం: మందు లేదు. మోతీ ఇష్టం వచ్చినట్టు తిరిగింది. గీతలు చాలా వచ్చాయి.
రెండవ వారం: కషాయం ఇచ్చి, పెరట్లో కట్టేశాం. గీతలు బాగా తగ్గాయి. ఇంట్లో అందరికీ సంతోషం.
మూడవ వారం: కషాయం ఆపి, కట్టి మాత్రమే ఉంచాం. గీతలు తక్కువగానే ఉన్నాయి.
నాలుగవ వారం: కషాయం ఇస్తూ విప్పి వదిలాం. గీతలు మళ్ళీ పెరిగాయి.

దీనివల్ల ఏమి తెలిసింది? దగ్గు తగ్గించినది కషాయం కాదు, విశ్రాంతి. రెండవ వారం దగ్గరే ఆగిపోయి ఉంటే ఆకు మందుతో జబ్బు కుదిరింది అని ఊరంతా చెప్పేవాళ్ళం. ఒక్క కుక్క మీద చూసినంత మాత్రాన శాస్త్రం అయిపోదు గాని, మాకు దారి చూపించడానికి అది చాలింది. గీతలు చూసి అమ్మమ్మే "ఇంక డాక్టరు దగ్గరికి తీసుకుపోండి" అన్నది.

3. చుక్క రక్తంలో కనిపించినది

నాన్న, నేను మోతీని ఆటోలో మండల కేంద్రంలోని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు గారు ముందు కాలి నరం నుంచి కొంచెం రక్తం తీసి, ఒక చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో పెట్టారు. నన్ను కూడా చూడమన్నారు. ఎర్ర రక్తకణాల మధ్యలో సన్నని దారం ముక్క లాంటిది మెలికలు తిరుగుతూ కణాలను నెట్టుకుంటూ పోతున్నది. అదే పిల్ల పురుగు. దాని పొడవు మిల్లీమీటరులో మూడవ వంతు కూడా ఉండదు.

ఇలాంటి పిల్ల పురుగులు రెండు మూడు రకాలు ఉంటాయట. మన దక్షిణ రాష్ట్రాలలో కుక్కలకు ఎక్కువగా కనిపించేది చర్మం కింద ఉండే రకం. గుండె పురుగు మన దేశంలో ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాలలో ఉంది. మోతీ అస్సాం నుంచి వచ్చిందని చెప్పగానే డాక్టరు గారు రక్తం వేరే పరీక్షకు పంపారు. గుండె పురుగే అని వచ్చింది.

4. పురుగు కథ

దీని శాస్త్రీయ నామం డైరోఫిలేరియా ఇమ్మిటిస్. మనుషులకు బోదకాలు తెచ్చే పురుగుకు ఇది చుట్టం. రెండింటినీ మోసుకొచ్చేది దోమే.

దోమ జబ్బు కుక్కను కుట్టినప్పుడు రక్తంతో పాటు పిల్ల పురుగులు దోమ కడుపులోకి పోతాయి. వెచ్చని కాలంలో సుమారు రెండు వారాలలో అవి అక్కడ పెరిగి, దోమ మూతి దగ్గరికి చేరతాయి. ఆ దోమ ఇంకో కుక్కను కుట్టినప్పుడు ఆ గాయం గుండా లోపలికి దిగుతాయి. కొన్నాళ్ళు చర్మం కింద, కండల్లో ఉండి, తర్వాత రక్తంలో పడి గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళాలలో కాపురం పెడతాయి. కుట్టిన రోజు నుంచి ఆరేడు నెలలకు పెద్దవై పిల్లలను కంటాయి. ఆడ పురుగు 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుంది. మీ జామెట్రీ పెట్టెలో సగం స్కేలు కాదు, బల్ల మీద ఉండే పెద్ద స్కేలు అంత! అది కుక్క ఒంట్లో 5 నుంచి 7 ఏళ్ళు బతుకుతుంది.

అలాంటివి పది, ఇరవై నాళాలలో చుట్టుకొని ఉంటే రక్తం ఎలా పారుతుంది? అందుకే పరిగెత్తగానే దగ్గు, ఆయాసం. ముదిరితే పొట్టలో నీరు చేరుతుంది, గుండె ఆగిపోతుంది.

దోమలు జబ్బులు మోస్తాయన్న సంగతి కనిపెట్టడంలో మన నేలకు కూడా పాలు ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అందుకే ఆ రోజును ప్రపంచ దోమల దినం అంటారు.

5. ఆకు మందు ఎందుకు చాలదు?

మన బడిలో నులిపురుగుల దినం రోజున ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు కదా. ఆ పురుగులు పేగుల్లో ఉంటాయి. మందు నోట్లోంచి పేగుల్లోకి పోయి వాటికి తగులుతుంది. చచ్చినవి మలంతో బయటికి పోతాయి. చేదు ఆకులు కూడా పేగు పురుగులకే అని మన పెద్దలు ఇస్తారు. గుండె పురుగు ఉన్నది రక్త నాళంలో. అక్కడికి సరిపడా మందు రక్తంలో కలవాలి. గుండె పురుగును చంపుతుందని పరీక్షలలో తేలిన ఆకు ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఇంకొక చిక్కు ఉంది. ఇది నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించినది. నాళంలో ఉన్న పురుగు చచ్చినా బయటికి పోయే దారి లేదు! చచ్చిన పురుగు ముక్కలై ఊపిరితిత్తుల సన్న నాళాలకు అడ్డం పడుతుంది. ఎక్కువ పురుగులు ఒక్కసారే చస్తే కుక్క కూడా చావవచ్చు. కాబట్టి ఏదైనా ఘాటైన ఆకు నిజంగా పురుగును చంపినా, కొలత తెలియకుండా వాడితే ప్రమాదమే.

కొన్ని వస్తువులు కుక్కకు విషం కూడా. ఉల్లి, వెల్లుల్లి మనకు మంచివి. కుక్కకు ఎక్కువ పెడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి రక్తహీనత వస్తుంది. మా పక్కింటాయన రోజూ వెల్లుల్లి పెట్టమన్నాడు. డాక్టరు గారు వద్దన్నారు.

6. ఇప్పుడు జరుగుతున్న వైద్యం

పెద్ద పురుగులను చంపడానికి మెలార్సొమిన్ అనే ఇంజెక్షను ఉంది. నడుము కండలో లోతుగా వేస్తారు. అది మా ప్రాంతంలో దొరకలేదు. అందుకని డాక్టరు గారు రెండవ దారి పట్టారు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్, నెల నెలా చాలా చిన్న మోతాదులో ఐవర్‌మెక్టిన్, దానితో పాటు పూర్తి విశ్రాంతి.

డాక్సీసైక్లిన్ పురుగును నేరుగా చంపదు. పురుగు ఒంట్లో వొల్బాకియా అనే బాక్టీరియా ఉంటుంది. అది లేకపోతే పురుగు నీరసపడి, పిల్లలను కనలేదు. ఈ మందు ఆ బాక్టీరియాను చంపుతుంది. చుట్టం ఇంట్లో వంట మనిషిని పంపించేస్తే చుట్టం తనంతట తానే లేచిపోయినట్టు!

ఇక్కడ ఒక లెక్క చెయ్యండి. ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలో బరువుకు 6 మైక్రోగ్రాములు. మోతీ బరువు 15 కిలోలు. అంటే 90 మైక్రోగ్రాములు. పశువులకు వేసే 1 శాతం ఇంజెక్షనులో ఒక మిల్లీలీటరుకు 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. అంటే ఒక్క మిల్లీలీటరు నూట పది కుక్కలకు పైగా సరిపోతుంది. ఆవు మందు మిగిలింది కదా అని కంటి కొలతతో కుక్కకు పొడిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

2025 సంక్రాంతికి మళ్ళీ రక్తం చూపించాం. పిల్ల పురుగులు కనిపించలేదు. పెద్ద పురుగులు మెల్లగా చావాలి, ఏడాది రెండేళ్ళు పట్టవచ్చు, పాడైన నాళాలు మళ్ళీ కొత్తవి కావు అని డాక్టరు గారు చెప్పారు. మోతీ ఇప్పుడు నాన్నతో పోడుకు పోదు. నాన్న బయలుదేరితే తాడు చివరిదాకా వచ్చి నిలబడి చూస్తుంది. చూడడానికి కష్టంగానే ఉంటుంది గాని, ఆ తాడు కూడా మందే.

7. మరి అమ్మమ్మ వైద్యం దండగేనా?

కాదు. జబ్బు దగ్గులో లేదు, లోపల ఉంది అని కనిపెట్టినది ఆమే. వేడి అంబలి పెట్టి ఒళ్ళు నిలబెట్టినది ఆమే. దోమలకు వేపాకు పొగ వేస్తే దగ్గే కుక్కకు ఇంకా ఇబ్బంది అని తెలిసి, మలేరియాకు ఇచ్చిన దోమతెరను మోతీ గూటికి కట్టినదీ ఆమే.

చైనా దేశంలో తు యూయూ అనే శాస్త్రవేత్త జ్వరాలకు వాడే ఒక మొక్క గురించి పాత గ్రంథంలో చదివింది. ఆకును కాచకుండా తక్కువ వేడిలో సారం తీసి, పరీక్షించి, 1972 నాటికి ఆర్టిమిసినిన్ అనే మలేరియా మందును వేరు చేయగలిగారు. ఐవర్‌మెక్టిన్ కూడా ఫ్యాక్టరీలో ఊరికే పుట్టలేదు. జపాను మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చినది. ఈ రెండు మందులకూ 2015లో నోబెల్ బహుమతి పంచారు. ఆకులోనూ మట్టిలోనూ మందు ఉండవచ్చు. ఏ జబ్బుకు, ఎంత మోతాదు, ఎవరికి పడదు అని పరీక్షించి తేల్చాలి. అంతే తేడా.

8. మనం చేయవలసినవి

(1) కుక్క పరిగెత్తినప్పుడు దగ్గుతూ చిక్కిపోతుంటే రక్త పరీక్ష చేయించాలి.
(2) గుండె పురుగు కుక్కను ముట్టుకుంటే అంటదు. దోమ ద్వారా మనిషికి చేరడం బహు అరుదు, చేరినా సాధారణంగా పెరగకుండా చస్తుంది. కాబట్టి జబ్బు కుక్కను రాళ్ళతో తరమవద్దు. రేబిస్ టీకా మాత్రం తప్పకుండా వేయించాలి.
(3) దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. కనుక హాస్టలు తొట్లు, పాత టైర్లు, డబ్బాలు వారానికి ఒకసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి. మన శుక్రవారం డ్రై డే ఇందుకే. ఆ రోజు తప్పించుకొని ఆడుకోవడానికి పోయేవారు గమనించగలరు!
(4) పెద్దలు చెప్పిన ఆకు మందుల పేర్లు నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. దాని పక్కనే "పరీక్షించారా?" అని ఒక గడి గీయండి.

ఆలోచించి జవాబు రాయండి

అ) మూడవ వారం కషాయం ఆపకపోతే మేము ఏమని అనుకునేవాళ్ళం?
ఆ) పేగు పురుగు మందు గుండె పురుగుకు ఎందుకు పనిచేయదు?
ఇ) 12 కిలోల కుక్కకు ఐవర్‌మెక్టిన్ ఎన్ని మైక్రోగ్రాములు?

జవాబులు శనివారం లోగా గోడ పత్రిక పెట్టెలో వేయగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి