ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

అంతరిక్ష పరిశోధన ప్రాజెక్టులో కొత్తగా చేరారా? రిక్వైర్‌మెంట్ల పత్రం చేతికి రాగానే ప్రతి అంకె దగ్గరా ఆగండి. అది ఎందుకంత ఉండాలో ఎవరూ చెప్పలేకపోతే ఆ వాక్యం ఇంకా పూర్తి కానట్టే.

2009లో నాసా పంపిన కెప్లర్ టెలిస్కోపునే తీసుకోండి. సూర్యుడిలాంటి నక్షత్రాల చుట్టూ భూమంత గ్రహాలు ఎన్ని ఉంటాయన్నది శాస్త్రవేత్తల ప్రశ్న. అలాంటి గ్రహం నక్షత్రానికి అడ్డంగా వెళ్తే వెలుగు పది లక్షల్లో సుమారు 84 వంతులు తగ్గుతుంది. అంత చిన్న తగ్గుదలను నమ్మకంగా పట్టాలంటే ఆరున్నర గంటల కొలతలో హెచ్చుతగ్గులన్నీ కలిపి 20 వంతుల దగ్గరే ఉండాలి. అందులో పరికరానికి ఒక వాటా ఇచ్చారు, నక్షత్రం సొంత చాంచల్యానికి ఇంకో వాటా ఇచ్చారు.

తీరా చూస్తే నక్షత్రాలే అనుకున్నదానికంటే చంచలంగా ఉన్నాయి. మొత్తం 30 దాకా పోయింది. అయితే వాటాలు ముందే రాసి ఉండటంతో ప్రధానమైన తేడా ఎక్కడుందో లెక్కతేలింది. గ్రహం అడ్డు రావడాన్ని ఇంకా ఎక్కువసార్లు చూస్తే ఈ లోటు పూడుతుంది, అందుకు మరికొన్నేళ్లు కావాలి. 2012లో పొడిగింపు దొరికింది కానీ, 2013లో టెలిస్కోపును గురి తప్పకుండా నిలిపే రియాక్షన్ వీల్స్‌లో రెండోది కూడా చెడిపోవడంతో ఆ పరిశీలన ఆగిపోయింది. నక్షత్రాల గురించిన ఊహే తప్పింది, అందుకే నా గట్టి సలహా: అంకె పక్కనే దాని వెనకున్న ఊహను కూడా రాయండి. ఆ ఊహ నిజమో కాదో ఎవరు, ఎప్పటిలోగా తేలుస్తారో కూడా రాయండి.

'తగినంత కచ్చితంగా', 'వీలైనంత త్వరగా' లాంటి మాటల్ని ఒప్పుకోకండి, వాటికి టెస్ట్ పెట్టలేం. ప్రతి రిక్వైర్‌మెంట్‌నూ ఎలా పరీక్షిస్తారో, దాన్ని రాసిన రోజే తేల్చుకోండి. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ప్రాజెక్టు పత్రంలో మెట్రిక్ కొలతలే వాడాలని స్పష్టంగా ఉంది. భూమ్మీది సాఫ్ట్‌వేర్ మాత్రం పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది. రెండింటినీ సరిపోల్చే పరీక్ష సరిగా జరగకపోవడంతో 1999లో వ్యోమనౌక అంగారకుడి దగ్గర నాశనమైంది.

రిక్వైర్‌మెంట్లలో మార్పులు తప్పవు. వాటిని ఫోన్‌లో మాత్రం ఒప్పుకోకండి. బరువు, కరెంటు, డేటా, గడువుల్లో దేనిమీద ఎంత భారం పడుతుందో రాసివ్వమని అడగండి.

మరొకటి, చాలామంది వాయిదా వేసేది: కనీసం ఏం సాధిస్తే ఈ మిషన్ పంపడం సార్థకమవుతుందో శాస్త్రవేత్తల చేత మొదట్లోనే రాయించండి. బడ్జెట్ కోతలు మొదలయ్యాక తన పరికరాన్ని పక్కన పెట్టమని ఏ బృందమూ చెప్పదు.