క్యాబ్ వెనక వీధికే ఎందుకు వెళ్తోంది?

ప్రశ్న: మావారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆస్పత్రికి క్యాబ్ బుక్ చేసిన ప్రతిసారీ అది మా అపార్ట్‌మెంట్ వెనక వీధిలో ఆగుతోంది. డ్రైవర్‌ని అడిగితే "లొకేషన్ ఇక్కడే చూపిస్తోందమ్మా" అంటున్నాడు. ఫోన్ కొని ఏడాది కూడా కాలేదు. రిపేరు షాపులో జీపీఎస్ పోయింది, బోర్డు మార్చాలన్నారు. మార్పించమంటారా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దమ్మా, అప్పుడే డబ్బు పెట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి ఫోన్ బాగానే ఉందనిపిస్తోంది. డాబా మీదికి వెళ్లి మ్యాప్స్ తెరిచి కాసేపు ఆగండి. నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం కనిపిస్తుంది. మీరు ఆ వలయంలో ఎక్కడో ఉన్నారని ఫోన్ అంచనా. అది చిన్నదై, చుక్క మీ డాబా మీదికి వచ్చిందంటే జీపీఎస్ పనిచేస్తున్నట్టే.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాటి సిగ్నల్ మన దాకా వచ్చేసరికి బాగా నీరసిస్తుంది, శ్లాబు దాటి లోపలికి రావడం కష్టం. కిటికీలోంచి వచ్చేది కూడా ఎదుటి బిల్డింగ్ గోడకు తగిలి తిరిగొస్తుంది. ఆ ఆలస్యాన్ని ఫోన్ దూరంగా లెక్కేసుకుని చుక్కను పక్కకు జరుపుతుంది. అసలు లొకేషన్ సరిగ్గానే ఉన్నా, మీ ఫ్లాట్ వెనక వైపుంటే యాప్ దగ్గరి రోడ్డని ఆ వీధినే ఎంచుకోవచ్చు.

అందుకని పిన్‌ను వేలితో మెయిన్ గేటు మీదికి జరిపి, ఆ చోటును యాప్‌లో సేవ్ చేసుకోండి. డయాలసిస్ రోజుల్లో ఎక్కే చోటుగా దాన్నే పెట్టండి. ఇక చుక్క ఎటు జరిగినా బండి గేటు దగ్గరికే వస్తుంది. ఆయన్ని నడిపించుకుంటూ వెనక వీధి దాకా వెళ్లే అవస్థ మీకు ఒక్కరోజు కూడా ఉండకూడదు.

సెట్టింగ్స్‌లో 'లొకేషన్ అక్యురసీ' ఆన్‌లో ఉంచండి. ఇంట్లో ఉన్నప్పుడు వైఫై, సెల్ టవర్ల సాయం అందుతుంది. క్యాబ్ యాప్‌కు 'ప్రిసైస్ లొకేషన్' అనుమతి కూడా చూడండి. అయితే అది ఆఫ్‌లో ఉంటే తప్పు పక్క వీధితో ఆగదు, పక్క కాలనీ దాకా పోతుంది.

డాబా మీద కూడా వలయం తగ్గకపోతే ఫోన్‌ను బయట విప్పించకండి. బిల్లు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి, వారంటీ ఉండే ఉంటుంది.

ప్రశ్న: మ్యాప్‌లో నేనున్న చోటు సరిగ్గానే ఉంది, కానీ బాణం తప్పు దిక్కు చూపిస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: దిక్కు చెప్పేది ఫోన్‌లోని దిక్సూచి. కవర్‌కో, బైక్ హోల్డర్‌కో అయస్కాంతం ఉంటే తీసేయండి. తర్వాత ఫోన్‌ను గాల్లో 8 అంకెలా కొన్నిసార్లు తిప్పండి.