ఉచిత ప్యాకేజీ: వాడే ముందు ఏమేం చూడాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన హాస్టల్‌కు బియ్యం బస్తాలొస్తే వార్డెన్ గారు గుప్పెడు చేతిలో పోసుకుని చూశాకే సంతకం పెట్టేవారు. డిగ్రీ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులో మేము ఆ పని చేయలేదు. తేదీలు లెక్కగట్టే ఓపెన్ సోర్స్ ప్యాకేజీ ఒకటి దొరికితే సంబరంగా చేర్చేశాం. నాలుగేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టలేదని డెమోకు ముందురోజు తెలిసింది. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

ఇప్పుడు మేము మొదట లైసెన్సు చూస్తాం. ఎంఐటి లైసెన్సయితే వారి కాపీరైట్ ప్రకటన ఉంచి వాడుకోవచ్చు. జీపీఎల్ అయితే మన ప్రోగ్రాము ఇతరులకిచ్చేటప్పుడు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాల్సి వస్తుంది. లైసెన్సే లేకపోతే వదిలేయడం మేలు.

తర్వాత, ఆ పని మనమే రాసుకోలేమా అని ఆలోచిస్తాం. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని రాసినాయనే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే వేల ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. పదకొండు వరుసలే!

అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని చూసుకునేది ఎవరు, ఎంతమంది అన్నది. లినక్స్‌లో అంతటా ఉండే ఎక్స్‌జెడ్‌ను చాలాకాలం ఒక్కరే మోశారు. సాయానికొచ్చి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన వ్యక్తే 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి బయటపడింది. అందుకే డౌన్‌లోడ్ల సంఖ్య చూసి మేమిక మురిసిపోం. వాడే వెర్షన్ నంబరు ప్రాజెక్టులో రాసిపెట్టి, కొత్తది వచ్చినప్పుడు మార్పులు చదివాకే మారుస్తున్నాం.