ఎడారి ధూళి – సముద్రపు తుఫాను

మనం నిత్యం వాడే "తుఫాను" అన్న మాట అరబ్బీ, పారశీక భాషల వెంట మనకు వచ్చి తెలుగులో స్థిరపడినది. "సహారా" కూడా అరబ్బీ మాటయే. ఎడారులు అని దాని అర్థం. కావున "సహారా ఎడారి" అనడం ఒకే మాటను రెండు మార్లు పలకడమే అవుతుంది. మాటల చుట్టరికం అటుంచి, ప్రకృతిలో కూడా ఈ రెండింటికీ దగ్గర సంబంధం ఉన్నది. ఆఫ్రికాలో లేచిన ధూళి, దూరాన సముద్రం మీద పుట్టబోయే తుఫానును అణచగలదు. ఈ వాక్యంలోని "గలదు" అన్న మాటను విద్యార్థి మిత్రులు గుర్తుంచుకోవలెనని ప్రార్థన. దాని అవసరం చివరకు తెలియగలదు.

మనం బంగాళాఖాతంలో తీవ్రమైన తుఫాను అనేదానినే అట్లాంటిక్ మహాసముద్రంలో "హరికేన్" అంటారు. గాలి వేగం గంటకు 119 కిలోమీటర్లకు చేరినప్పుడే ఆ పేరు వర్తిస్తుంది. అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం. ఏటా పశ్చిమ ఆఫ్రికా మీదుగా సుమారు 60 గాలి అలలు పడమరగా సాగి సముద్రం మీదికి వస్తాయి. హరికేన్లలో పెక్కింటికి ఈ అలలే బీజాలు. అయితే వీటిలో చాలా భాగం తుఫానుగా మారకుండానే అణగిపోతాయి. ఎందువల్ల?

తుఫాను పుట్టుటకు ప్రధానంగా మూడు వసతులు కావలెను. సముద్రపు పైనీరు సుమారు 26.5 సెంటీగ్రేడు డిగ్రీలకు తగ్గని వెచ్చదనంతో ఉండాలి. పైన కొన్ని కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిలో తేమ నిండి ఉండాలి. ఎత్తును బట్టి గాలి వేగం, దిశ అంతగా మారకుండా ఉండాలి. అప్పుడు నీటి ఆవిరి పైకి పోయి, మేఘమై, తనలోని గుప్తోష్ణాన్ని విడుదల చేస్తుంది. ఆ వేడిమియే తుఫానుకు ఆహారం.

ఇక ధూళి సంగతి. వేసవిలో మాలీ, మారిటేనియా, అల్జీరియా దేశాల ఎడారి భూములు తీవ్రంగా కాగి, వాటి మీది గాలి ధూళితో సహా పైకి లేస్తుంది. సముద్రతీరం దాటగానే ఈ వేడిగాలి కిందనున్న చల్లని తేమగాలి మీద తేలుతూ, సుమారు ఒకటిన్నర కిలోమీటరు నుంచి అయిదారు కిలోమీటర్ల ఎత్తు వరకు ఒక పొరగా పడమరకు సాగుతుంది. దీనికి "సహారా వాయుస్తరం" అని పేరు. వారం రోజులలో అది కరేబియన్ దీవులకు చేరుతుంది. 2007–2013 మధ్య నాసా ఉపగ్రహం సేకరించిన వివరాల ప్రకారం, ఆఫ్రికా పడమటి అంచును దాటే ధూళి ఏటా సగటున 18 కోట్ల టన్నులు.

ఈ ధూళిని మానవుడు గమనించడం కొత్త కాదు. 1832 జనవరిలో కేప్ వర్దీ దీవుల వద్ద నౌకలో ఉన్న చార్లెస్ డార్విన్, గాలిలోని సన్నని ధూళి ఖగోళ పరికరాలను కొంత పాడుచేసిందని వ్రాసినాడు. ప్రాస్పెరో అనే శాస్త్రజ్ఞుడు 1965 నుంచి బార్బడోస్ దీవిలో ధూళిని కొలుస్తూ వచ్చినాడు. ఆయనా, కార్ల్‌సన్ అనే మరొకరూ కలిసి 1972లో ఈ వాయుస్తరం స్వరూపాన్ని వివరించినారు.

ఇది తుఫానును అణచే విధానాలు మూడు. మొదటిది పొడిదనం. మన ఇంటి మట్టికూజాలో నీరు చల్లబడడం అందరూ ఎరిగినదే. చెమ్మ ఆవిరి కావడంలో వేడిమిని గ్రహిస్తుంది. అదే విధంగా ఈ పొడిగాలి మేఘంలోనికి చొరబడితే నీటి బిందువులు ఆవిరై, గాలి చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. పైకి రావలసిన తేమకు దారి మూసుకొనిపోతుంది. రెండవది వేగం. ఈ పొరలో తూర్పు గాలి బలంగా వీస్తుంది. కింది గాలి ఒక వేగంతో, పై గాలి మరొక వేగంతో పోతే, పొయ్యి ఒకచోట, పాత్ర మరొకచోట ఉన్నట్లు తుఫాను స్తంభం వంగిపోయి వేడిమి ఒకచోట నిలువదు. మూడవది వెచ్చదనం. చల్లగాలి మీద వేడిగాలి మూతవలె కూర్చుంటే కిందిగాలి పైకి లేవదు. ధూళి ఎండను పీల్చుకొని ఆ మూతను వెచ్చగా నిలుపుతుంది. సముద్రానికి చేరే ఎండను కూడా తగ్గిస్తుంది.

దీనికి 2001 సెప్టెంబరు నాటి "ఎరిన్" మంచి ఉదాహరణం. తొలి వారంలో అది ఈ పొడి పొర సమీపంలో చిక్కుకొని క్షీణించి, తుఫాను లక్షణాలనే కోల్పోయినది. ఆ పొర నుంచి బయటపడిన పిమ్మట మళ్ళీ ప్రాణం పోసుకొని, కొద్ది రోజులలోనే గంటకు 190 కిలోమీటర్లకు పైబడిన గాలులతో పెద్ద హరికేన్ అయినది. డనియన్, వెల్డెన్ అనే శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన వ్యాసంలో ఇట్టి దృష్టాంతాలు చూపినారు.

ఇంతవరకు చదివిన వారు "ధూళి వస్తే తుఫాను రాదు" అని సూత్రం కట్టుకోవచ్చును. అది ప్రమాదకరం. 2020 జూన్‌లో అట్లాంటిక్‌ను దాటిన ధూళిమేఘం దశాబ్దాలలోకెల్లా దట్టమైనదని పేరుపొందినది. అయినా ఆ సంవత్సరమే 30 తుఫానులు పేరు పెట్టించుకొని, 2005 నాటి 28 లెక్కను దాటిపోయినవి. ధూళి ఎక్కువగా ఉండేది జూన్, జూలైలలో. తుఫానులు ముమ్మరించేది ఆగస్టు మధ్య నుంచి. అప్పటికి సముద్రం బాగా వెచ్చగా ఉన్నది. లానినా ప్రభావంతో గాలి వేగాలలోని వ్యత్యాసమూ తగ్గినది. బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు 2010లోనే హెచ్చరించినాడు: ఈ వాయుస్తరం సమీపంలోనే బలపడిన తుఫానులు ఎన్నో ఉన్నవి, దాని పాత్రను అతిగా అంచనా వేయరాదని.

భవిష్యత్తు సంగతి మరింత ఆలోచింపదగినది. భూమి వేడెక్కుతున్నకొద్దీ సహారా ధూళి తగ్గవచ్చునని 2021లో నాసా శాస్త్రజ్ఞులు అంచనా కట్టినారు. సుమారు 6000 ఏండ్ల క్రితం సహారా పచ్చగా, ధూళి తక్కువగా ఉన్న కాలంలో అట్లాంటిక్‌లో తుఫానులు హెచ్చుగా ఉండి ఉండవచ్చునని 2017లో వెలువడిన మరొక పరిశోధన సూచించినది. ధూళి తగ్గితే దీవులవాసుల ఊపిరికి మేలు. వారి ఇంటికప్పులకు కీడు కావచ్చును.

ఇప్పుడు మొదటి వాక్యానికి వద్దాం. ధూళి తుఫానును "అణచగలదు" అన్నాం గాని "అణచుతుంది" అనలేదు. మొదటిది శక్తిని, రెండవది నిశ్చయాన్ని తెలుపుతుంది. వ్యాకరణంలో ఇది చిన్న భేదమే. కాని ఆకాశం ధూళితో మసకబారి ఉన్నదని ధైర్యపడి పడవను సముద్రంలోకి తోసే బెస్తవానికి ఈ భేదం ప్రాణంతో సమానం. విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థులు లెక్కలతోపాటు మాటలను కూడా ఇంత జాగ్రత్తగా తూచి వాడవలెనని నా మనవి.