శరీరానికి కూడా హక్కు ఉంది

మిడ్ పరీక్షలు దగ్గర పడ్డాయి. ల్యాబ్ రికార్డులు పూర్తి కాలేదు. గత సెమిస్టరులో తప్పిన సబ్జెక్టు అలాగే ఉంది. హాస్టల్లో ఉంటున్న మన అబ్బాయి టీ మీద టీ తాగుతూ రాత్రి మూడింటి దాకా చదువుతాడు. అప్పుడు పడుకుంటే ఫజ్ర్ నమాజు తప్పిపోతుంది, టిఫిన్ ఉండదు, క్లాసులో కునుకు వస్తుంది. అర్థంకాని పాఠం మళ్ళీ రాత్రికే మిగులుతుంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం “బాగానే ఉన్నాను అమ్మీ” అంటాడు.

దీన్ని కష్టపడి చదవడం అందామా?

విద్యార్జనకు ఇస్లాం ఎంతో గొప్ప స్థానం ఇచ్చింది. అయితే మంచి పనికి కూడా ఒక హద్దు ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (స) నేర్పారు. ఒకసారి ఆయన మస్జిదులోకి వచ్చినప్పుడు రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి ఉంది. అదేమిటని అడిగారు. హజ్రత్ జైనబ్ (రజి) నమాజులో అలసిపోయినప్పుడు దాన్ని పట్టుకుంటారని చెప్పారు. ఆయన ఆ తాడును విప్పేయమన్నారు. ఉత్సాహం ఉన్నంతసేపు నమాజు చేయాలని, అలసిపోతే కూర్చోవాలని బోధించారు. ఈ హదీసు బుఖారీలో ఉంది.

ఆలోచించండి! అల్లాహ్ ఆరాధనకే అలాంటి తాడు వద్దన్నప్పుడు, పరీక్ష కోసం టీ కాఫీల తాడు పట్టుకుని రాత్రంతా వేలాడటం ఎలా సరైనదవుతుంది?

బుఖారీలోనే మరో సంఘటన ఉంది. దైవప్రవక్త (స) హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల మధ్య సోదర బంధం కలిపారు. అబూ దర్దా (రజి) పగలు ఉపవాసం ఉండేవారు, రాత్రంతా నమాజులో గడిపేవారు. ఆయన ఇంటికి వచ్చిన సల్మాన్ (రజి) ఆయన చేత భోజనం చేయించారు. రాత్రి లేవబోతే పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో తానే లేపారు. ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు, ప్రాణానికి, ఇంటివారికి మనపై హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికివ్వాలని సల్మాన్ (రజి) నచ్చజెప్పారు. ఆయన చెప్పింది నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు.

ప్రియ విద్యార్థులారా! మీ గదిలో పక్క మంచం మీది స్నేహితునికి మీరు సల్మాన్ (రజి)లా సోదరుడు కాగలరా?

ఇది బద్ధకానికి అనుమతి కాదు. సోమరితనం నుంచి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు కోరేవారు. కొద్దిగానైనా నిత్యం చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని కూడా ఆయన తెలిపారు. చదువుకూ ఇదే సూత్రం. ఫజ్ర్ తరువాత గంటసేపు కష్టమైన సబ్జెక్టు చదవండి. ఏ వారం ల్యాబ్ రికార్డు ఆ వారమే రాయండి. అసర్ తరువాత కాసేపు నడవండి, ఆడండి. ఇషా తరువాత కబుర్లు దైవప్రవక్త (స)కు నచ్చేవి కావు. నేటి కబుర్లన్నీ ఫోనులోనే ఉన్నాయి. దాన్ని దూరంగా పెట్టి పదింటికల్లా పడుకోండి. ఈ వయసులో కనీసం 7 గంటల నిద్ర అవసరం. పగలు చదివింది మనసులో స్థిరపడటానికి కూడా నిద్ర కావాలి.

తల్లిదండ్రులారా! ఫోన్ చేయగానే మార్కులు అడగకండి. తిన్నావా, నిద్రపోయావా అని ముందు అడగండి. తప్పిన సబ్జెక్టు మళ్ళీ రాయవచ్చు. బిడ్డే పోతే తిరిగి రాడు. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, నిద్ర, ఆకలి తగ్గిపోతే ఈమాన్ బలహీనమైందని నిందించకండి, వైద్యునికి చూపించండి. చికిత్స చేయించుకోమని చెప్పింది దైవప్రవక్త (స) గారే. చనిపోవాలనే మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన ‘టెలి మానస్’ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఎంత చదివామనే కాదు, ఆ అమానతును ఎలా కాపాడామని కూడా రేపు సమాధానం చెప్పుకోవాలి. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, ఆరోగ్యాన్ని, మనశ్శాంతిని ప్రసాదించుగాక! ఆమీన్.