పుంజుపిల్లల లెక్క



పొదుగుటకు కూర్చున్న పెట్ట క్రింద గ్రుడ్లు వేయువారందఱును పెట్టలనే తలంచుకొని వేయుదురు. ఇరువదియొకటవ దినమున గంప యెత్తి చూచునప్పుడు పిల్లలన్నియు నొక్క తీరుననే కన్పట్టును, ఇంటిల్లిపాదియు సంతసించును. రెండు మూడు మాసములు గడచిన పిమ్మట గాని వానిలో సగము పుంజులని తేటపడదు. అప్పుడు “వీనినేమి చేయుదము?” అను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము గ్రుడ్లు వేయకముందే సిద్ధపఱచుకొనవలెనని బోధించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. పుంజులెన్ని పుట్టును?

పొడుగైన గ్రుడ్డు నుండి పుంజును, గుండ్రని గ్రుడ్డు నుండి పెట్టయు పుట్టునని కొందఱు పెద్దలు చెప్పుదురు. ఇది నిజము కాదు. మనుష్యులలో బిడ్డ ఆడదో మగవాడో తండ్రి బీజమును బట్టి నిర్ణయమగును. కోళ్లలోనన్ననో తల్లిని బట్టి నిర్ణయమగును. పెట్టయందు రెండు విధములైన లింగసూత్రములు కలవు. గ్రుడ్డులోనికి వానిలో నేది చేరినదో దానిని బట్టియే పిల్ల పెట్టయో పుంజో యగును. గ్రుడ్డు రూపమునకు దీనితో సంబంధము లేదు.

కావున సరాసరిని సగము పుంజులు, సగము పెట్టలు. అయినను సరాసరి వేఱు, ఒక్క పొదుగు వేఱు. తొమ్మిది పిల్లలు పెరిగినచో వానిలో ఆఱు గాని, అంతకు మించి గాని పుంజులగుట ఇంచుమించు నాలుగు పొదుగులలో నొకసారి సంభవించునని గణితము తెలుపుచున్నది. పై తరగతులవారు దీనిని లెక్క వేసి చూడవచ్చును.

పిల్ల పుట్టిన దినముననే దాని తోకక్రింది ద్వారమును పరీక్షించి మగదానిని గుర్తించు విద్యను జపాను శాస్త్రజ్ఞులు 1920వ దశకమున లోకమునకు తెలిపిరి. అది మిక్కిలి అభ్యాసముచే గాని రాదు; చేతగానివారు ప్రయత్నించినచో పిల్లకు హాని కలుగును. మనమైతే ఆఱు మొదలు ఎనిమిది వారముల వఱకు ఓపిక పట్టవలెను. అప్పటికి పుంజుపిల్ల తలమీది జుట్టు పెద్దదై యెఱ్ఱబాఱును, కాళ్లు లావగును. మూడవ మాసమునకు మెడమీదను నడుముమీదను సన్నని, కొనదేలిన, మెఱయు ఈకలు వచ్చును. ఇవి పెట్టలకుండవు.

2. మా యింట జరిగినది

ఒక కార్తిక మాసమున మేము పండ్రెండు గ్రుడ్లు వేసితిమి. పది పిల్లలు పుట్టెను. ఒకదానిని గ్రద్ద తన్నుకొనిపోయెను. మిగిలిన తొమ్మిదింటిలో ఆఱు పుంజులు. మందకొకటి చాలును, అయిదు అధికము. వానిని గూర్చి రేపు ఆలోచింతము, ఎల్లుండి ఆలోచింతమని దినములు గడపితిమి.

ఆ యాలస్యమునకు వెల యెంతయో చూడుడు. ఎదిగిన కోడి దినమునకు సుమారు 100 గ్రాముల మేత తినును. అయిదు పుంజులకు 500 గ్రాములు. ఎనిమిది మాసములకు, అనగా 240 దినములకు, 120 కిలోగ్రాములు. దొడ్డిలో తిరుగు కోడి పురుగును గింజను తానే యేఱుకొనునని సగము తీసివేసినను, 60 కిలోగ్రాముల నూకలును తవుడును మనము పెట్టవలసినదే. అంతకంటె చెడ్డది మఱియొకటి జరిగెను. నాలుగు పెట్టలకు ఆఱు పుంజులగుటచే పెట్టల వీపులమీది ఈకలూడి చర్మము పుండుపడెను. పుంజులు తమలో తాము పోరాడి, ఒకదాని కన్ను పోయెను. అవి దుష్టములగుటచే నిట్లు చేయలేదు. వానినట్లు కూర్చిపెట్టినది మేము.

అంతలో సంక్రాంతి దినములు వచ్చెను. మా యింటి చిన్నవాడు ముద్దుగా పెంచిన ఎఱ్ఱపుంజును చూచి, ఒకడు మాంసపు ధరకు నాలుగు రెట్లిత్తునని అడిగెను. అతడు దానినెందులకు కొనుచున్నాడో మేమడుగలేదు. తెలియక కాదు, అడిగినచో అమ్మకూడదని తెలిసియే యడుగలేదు. సాయంకాలము చిన్నవాడు వచ్చి, “నాన్నా, మన ఎఱ్ఱపుంజు ఎవరి యింటికి పోయినది?” అని అడిగెను. “మంచివారి యింటికే పోయినది” అంటిమి. ఆ ఉదయముననే తరగతిలో సత్యమును గూర్చి బోధించిన నోటితో ఆ మాట పలికితిమి. కోడికూత విని పేతురు ఏడ్చెనని సువార్తలు తెలుపుచున్నవి. మఱునాడు తెల్లవాఱుజామున ఆ పుంజు కూయకుండుటయే మమ్ము గద్దించెను. రెండు దినములకు వానిని చెంతకు పిలిచి ఉన్నదున్నట్లు చెప్పితిమి. వాడు చాలసేపు మాటలాడలేదు. పుంజును తిరిగి తెచ్చుటకు మా చేత కాకపోయెను.

కాలికి కత్తి కట్టి కోళ్లను పోరాడించుట వినోదము కాదు. జంతువులను పోరాటమునకు పురికొల్పుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. పోరాడించువాని నేరములో, తెలిసి అమ్మినవానికి పాలు లేదని మేమిప్పుడు చెప్పజాలము.

3. అధికమైన పుంజులకు మార్గములు

మొదటిది: ఒక మంచి పుంజును ఉంచుకొనుట. పది పెట్టలకొకటి చాలును. అన్నింటిలో బలమైనదియు, ఆరోగ్యము గలదియు, శాంతమైనదియు నగు పుంజును ఏఱవలెను. దానిని తన తల్లితోను తోబుట్టువులతోను కలిపి ఉంచినచో సంతతి క్షీణించును గనుక, పొరుగూరివారి పుంజుతో మార్చుకొనుట మేలు. నాటి తిరువాన్కూరు సంస్థానమందలి మార్తాండములో వై. ఎమ్. సి. ఏ. వారి గ్రామ పునర్నిర్మాణ కేంద్రమున స్పెన్సర్ హాచ్ గారు 1920వ దశకము మొదలుకొని, మేలుజాతి కోళ్లను పెంచి గ్రుడ్లను సహకార పద్ధతిని అమ్ముకొనుట పల్లెవారికి నేర్పిరి. మంచి పుంజొకటి ఊరి మందనే మార్చగలదు. అయితే బయటి కోడిని తెచ్చినప్పుడు కొక్కెర తెగులు మొదలగునవి వ్యాపింపకుండ రెండు మూడు వారములు వేఱుగా ఉంచవలెను.

రెండవది: అమ్ముట. కొనువాడు దేనికి కొనుచున్నాడో అడిగి తెలిసికొని అమ్మవలెను. రోగముగల దానిని అమ్మకూడదు.

మూడవది: ఆహారముగా ఉపయోగించుట. నాటుపుంజు అయిదాఱు మాసములకు కూరకు తగియుండును. తినువారింట ఇది సిగ్గుపడవలసిన పని కాదు. కాని బాధ లేకుండ, పదునైన కత్తితో, తక్కిన కోళ్ల కన్నులయెదుట కాక, చేతనైన పెద్దలు త్వరగా చేయవలెను. విత్తు తీయుటను మాత్రము ఇంట ఎవరును ప్రయత్నింపరాదు, అది శస్త్రచికిత్స.

నాలుగవది: పెట్టలకు దూరముగా పుంజులను మాత్రమే వేఱొక దొడ్డిలో ఉంచుట. పెట్టలు కంటబడనిచో కలిసి పెరిగిన పుంజులు చాలవఱకు పోరు తగ్గించును. అయితే స్థలమును మేతయు గలవారికే యిది సాధ్యము.

అయిదవది: అసలు గ్రుడ్లు పొదుగ వేయకుండుట. పుంజు లేనిదే పెట్ట గ్రుడ్లు పెట్టదని మీలో ననేకులు తలంచుచున్నారు. అది పొరపాటు. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును. అవి పిల్లలు కావు, అంతియే. మన వేసవి యెండలలో అట్టి గ్రుడ్లే యెక్కువ దినములు నిలువ యుండును. ఏలయనగా పుంజుతో కూడిన పెట్ట గ్రుడ్డులో ఆ వేడికి పిండము పెరుగనారంభించి గ్రుడ్డు చెడిపోవును.

ఈ చిక్కు మన దొడ్లకు మాత్రమే గాక లోకమంతటికిని కలదు. గ్రుడ్ల కొఱకే పెంచు జాతులలో పుంజులకు మాంసము తక్కువ గనుక, పెద్ద పొదుగు కేంద్రములలో మగపిల్లలను పుట్టిన దినముననే కోట్లకొలది చంపుట వాడుకయైనది. జర్మనీ దేశము 2022వ సంవత్సరము జనవరి 1వ తేదీ నుండి దీనిని చట్టముచే నిషేధించెను. అచ్చట గ్రుడ్డులోనే లింగమును కనుగొను యంత్రములను వాడుచున్నారు. మన హైదరాబాదు నందలి కోళ్ల పరిశోధన సంస్థవారు వృద్ధిచేసిన వనరాజా జాతి గ్రుడ్లకును మాంసమునకును తగినది. అట్టి జాతిని పెంచువారికి పుంజులును వ్యర్థము కావు.

4. ముగింపు

తన రెక్కల క్రింద పిల్లలను చేర్చుకొను కోడిని ప్రభువు తన ప్రేమకు పోలికగా చెప్పెను. ఆ కోడి పుంజుపిల్లను వేఱు చేసి తోసివేయదు. మనము పుంజులన్నిటిని ఉంచుకొనలేము, నిజమే. కాని మన చేతితో గ్రుడ్డు వేసినచో, పుట్టిన ప్రతిదానికిని ఒక గతి చూపుట మన వంతు. ఆ గతి ఏదియైనను, ఇంటి బిడ్డ అడిగినప్పుడు తల దించుకొనకుండ చెప్పదగినదై యుండవలెను. ఆ మరుసటి పొదుగు నుండి మేము గ్రుడ్లు వేయు దినముననే ఇంటివారినందఱిని కూర్చుండబెట్టి ఈ లెక్క వేయుచున్నాము. చిన్నవాడే దానిని వ్రాయును.

అభ్యాసము

1. మీ యింట పొదుగునకు వేయు గ్రుడ్లెన్ని? సగము పుంజులైనచో ప్రతిదానికిని మీరు చూపగల గతి యేమో గ్రుడ్లు వేయకముందే వ్రాయుము.
2. పొడుగు గ్రుడ్లకును గుండ్రని గ్రుడ్లకును వేఱు వేఱు గుర్తులు పెట్టి, వేఱు పెట్టల క్రింద పొదుగ వేసి, మూడు మాసముల పిమ్మట పుంజులను లెక్కించుము. పెద్దలమాట నిలిచెనా?
3. మూడు పుంజులను అవసరము లేక నాలుగు మాసములు ఉంచుకొనినచో మేత యెంత పట్టును?